సాకమ్మ చెవిలో పట్టు పొర

నేను ఒక పట్టు పొరను. చీరకు పనికిరాను, రవికెకూ పనికిరాను. చిటికెన వేలి గోరంత ఉంటాను. అయినా మగ్గం దిగిన ఏ పట్టూ చేయని పని చేశాను.

పురుగు రెక్కలొచ్చి గూడు కొరుక్కుని పోతే దారం తెగుతుంది. ఆ గూళ్లను దారం తీసేవాళ్లు కొనరు. బెంగుళూరులో ఒక ప్రయోగశాల వాళ్లు కొన్నారు. సోడా నీళ్లలో ఉడికించి జిగురు వదలగొట్టారు. జిగురుంటే మనిషి ఒళ్లు ఒప్పుకోదు. మిగిలిన ప్రొటీన్‌ను కరిగించి, గాజు పళ్లెంలో పోసి ఆరబెట్టారు. అది నేను. గోడకు పరంజా ఎలాగో, కణాలకు నేనలాగ. అవి నా మీద పాకి అల్లుకోవాలి. అల్లుకున్నాక నేను కరిగిపోవాలి.

హిందూపురంలో నన్ను సాకమ్మ ఎడమ చెవిలో పెట్టారు. పట్టు షెడ్డులో గూళ్లు ఏరడం ఆమె పని. గూటిని చెవి దగ్గర ఆడిస్తుంది. లోపల పురుగు కదిలితే మంచిది, చప్పుడు లేకపోతే కుళ్లింది. కుడి చెవి చిన్నప్పుడే పోయింది. ఎడమదాన్ని పిన్నీసుతో గెలుక్కుని కర్ణభేరికి చిల్లు చేసుకుంది. కుళ్లిన గూళ్లు మంచివాటిలో కలిశాయి. యజమాని ఆమెను ఏరే పీట మీంచి లేపి, పొయ్యిల్లో బూడిద ఎత్తమన్నాడు.

"నా పీట నాకి ఇప్పించమ్మా," అంది, నన్ను పెట్టబోయే డాక్టరు షాహీన్‌తో.

"పీట నేనెట్లిప్పిస్తా? చెవి ఇప్పిస్తా. చుక్క నూనె పడిందో, మళ్లా నా దగ్గరికి రావద్దు."

డాక్టరు చెవిలోని దూది తీసిన వారానికి సాకమ్మ అక్క మారెక్క వచ్చింది. కణాలు నా అంచులు పట్టుకున్నాయి గాని ఇంకా అతకలేదు.

"నూనె పోయకుంటే చెవి ఎండిపోతాదే."

"డాక్టరమ్మ వద్దనిందక్కా."

"ఆయమ్మ నిన్న పుట్టింది. మనమ్మ అందరికీ పోసింది."

"అందుకేనేమో కుడిది పోయింది!"

మారెక్క వినిపించుకోలేదు. గరిటెలో నూనె, తెల్లగడ్డ రెబ్బలు వేసుకుని వంటింట్లోకి పోయింది. అక్క మాట దాటడం సాకమ్మకు అలవాటు లేదు. చాప మీద పక్కకు తిరిగి తల వాల్చింది. నూనె తగిలితే నేను జారిపోతాను, చిల్లు మళ్లీ తెరుచుకుంటుంది. ఆమెకిక బూడిదే గతి.

అప్పుడు గోడ అవతలినుంచి ఏదో వచ్చి నన్ను తాకింది. నేను వణికాను. సాకమ్మ లేచి కూర్చుంది.

"అక్కా, తెల్లగడ్డ మాడతాండాది!"

"వాసనొచ్చిందేమే?"

"వాసన కాదు. చిటపటమంటాండాది. వినపడ్తాండాది!"

మారెక్క గరిటెతో గడపలో నిలబడింది. నోట్లోనే గొణిగింది: "దొంగముండ, ఏషాలేస్తాంది."

"ఎవరక్కా దొంగముండ?"

మారెక్క ఆ నూనె తన మోకాళ్లకు రాసుకుంది. ఆపైన వీధిలో అందరికీ చెప్పింది: "నేను నూనె కాచినానంతే. చెవి వచ్చేసింది."

పేరు నూనెకు వెళ్లింది. పోనీయండి. సాకమ్మ తన పీట మీద కూర్చుని గూళ్లు ఆడిస్తోంది. నేను సగం కరిగాను. ఆ మేర ఆమె సొంత చర్మం ఉంది. కొన్నాళ్లకు డాక్టరు దీపం వేసి చూసినా నేను కనిపించను. కనిపిస్తే నా పని ఇంకా మిగిలి ఉన్నట్టే.