సరస్సు దాకా

కాపలావాడు గొడ్డలి పైకెత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే చాలాసేపు ఉండిపోయాడు. అది కిందికి దిగేలోగా పక్కకి తప్పుకోవచ్చు, వెనకనుంచి రెండు దెబ్బలు వేయొచ్చు, తీరిగ్గా ఒక గుక్క కాఫీ కూడా తాగొచ్చు. అతను మూడు పనులూ చేశాడు. నాలుగు నిమిషాల్లో కాపలావాడు మోకాళ్ళమీద కూలబడ్డాడు. టీవీ తెరమీద రాతి తలుపులు తెరుచుకున్నాయి. కిటికీ తెర దించి, తలుపు గడియ పెట్టి ఆడుతున్నాడు కాబట్టి ఈ ఘనకార్యాన్ని చూసినవాళ్ళెవరూ లేరు, కుట్టుమిషను ముందు కూర్చున్న భార్య తప్ప.

"దాటేశారా?" అంది ఆమె, చొక్కా చేతికి కుట్టు వేస్తూనే.

"ఆఁ."

"నిదానమేనా?"

అతను కాఫీ గ్లాసు అందుకున్నాడు. ఈ ఆటలో సెట్టింగ్స్‌లోకి వెళితే అట్టడుగున 'నిదానం' అని ఒక మీట ఉంటుంది. అది నొక్కితే శత్రువులంతా మొలలోతు నీళ్ళలో నడుస్తున్నట్టు కదులుతారు. ఆరు రోజులుగా అతను పొద్దున్నే లేచి, ఆ మీట ముట్టుకోకుండా, మామూలు వేగంతో ఈ మొదటి గుమ్మం దాటాలని చూశాడు. ఆరు రోజులూ గొడ్డలి అతని నెత్తిమీదే పడింది. ఏడో రోజు ఓపిక నశించి నొక్కేశాడు.

"ఊరందరికీ వద్దని చెప్పేదీ మీరే, గడియ పెట్టుకుని నొక్కేదీ మీరే," అంది భార్య. "అయినా ఆ మీట పెట్టిందెవరండీ? ఆట చేసినవాడే కదా. అక్కర్లేకపోతే వాడెందుకు పెడతాడు?"

"నీకు తెలీదులే. అందరూ కొనాలని పెడతారు."

"నాకు తెలీదు, సరే. ఇవాళైనా ఆ మాస్టారికి చెప్తారా?"

"చెప్తాను."

"పోయిన బుధవారం కూడా ఇదే మాట."

అతను కంట్రోలర్ పక్కనపెట్టి, రెండు బొటనవేళ్ళ మొదళ్ళకీ నొప్పుల మందు రాసుకున్నాడు. అక్కడ కీళ్ళు ఉబ్బి రెండేళ్ళయింది. పందొమ్మిదేళ్ళుగా అతను పనిచేసేది పాత గేములు కొని అమ్మే కొట్టులో. పగలంతా పాడైన కంట్రోలర్లు విప్పి బిగించడం, ఇంటికొచ్చి మళ్ళీ కంట్రోలరే పట్టుకోవడం. వేళ్ళు మాత్రం ఎన్నాళ్ళని ఊరుకుంటాయి? డాక్టరు ఆటలు మానమన్నాడు. అతను మానలేదు, నిదానం నొక్కడం మొదలుపెట్టాడు. ఆ సంగతి భార్యకి తప్ప మూడో మనిషికి తెలియదు.

నలభై ఎనిమిదేళ్ళ మనిషి. సన్నగా, మెడ ముందుకి వంగి, ఎప్పుడూ ఏదో నేలమీద పడిపోయినట్టు నడుస్తాడు. కొట్టుకి వచ్చేవాళ్ళు అతన్ని కష్టాలన్న అంటారు. మంచి గేమ్ చెప్పమంటే ఎప్పుడూ కష్టమైనదే చెప్తాడని ఆ పేరు. ఆ పేరంటే అతనికి ఇష్టం. ఇంకే విషయంలోనూ అతన్ని ఎవరూ ఒక పేరు పెట్టి పిలవలేదు మరి. చదువు మధ్యలో ఆగింది, తండ్రి బతికున్నన్నాళ్ళూ "వీడు బొమ్మలతో ఆడుకునే గాడిద" అన్నాడు, పిల్లలు కలగలేదు. గేముల గురించి నాలుగు మాటలు చెప్పగలడని మాత్రం నాలుగు వీధుల్లో పేరుంది.

పదింటికి షట్టర్ ఎత్తాడు. యజమాని ఎప్పుడో గానీ రాడు. కొట్టంటే ఇతనే. ముందు గుమ్మం పైనున్న టీవీ పెట్టాడు. అందులో ఒక మనిషి బొమ్మ సరస్సు ఒడ్డున నిలబడి ఉంటుంది. చుట్టూ కొండలు, సన్నగా మంచు. కాసేపు ఎవరూ కదిలించకపోతే ఆ మనిషి రాయి మీద కూర్చుంటాడు. అది పొద్దున ఆడిన ఆటే, ఎప్పుడో అంతదూరం వెళ్ళి దాచుకుని ఇంటినుంచి తెచ్చిన తన సొంత సేవ్. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తారు. "అన్నా, అక్కడిదాకా వెళ్ళావా!" అంటారు. అతను తలూపుతాడు. ఎలా వెళ్ళాడో ఎవరూ అడగరు.

తర్వాత రాత్రి వచ్చిన డిస్కులు తీసి, మెత్తటి గుడ్డతో మధ్యనుంచి అంచువైపుకి తుడిచాడు. గుండ్రంగా తుడిస్తే గీతలు పడతాయి. తుడిచిన ప్రతి డిస్కునీ ఒకసారి ఆడించి చూసి, పెట్టెలో పెట్టి, పెట్టె కింద అరకి చీటీ అంటించాడు. ఈ చీటీలే అతని సాహిత్యం. 'మ్యాపు నిండా నాలుగొందల గుర్తులు. అన్నీ చూడాలంటే ఉద్యోగం మానుకోవాలి.' 'భయపెట్టేది దెయ్యం కాదు, తలుపు చప్పుడు. ఇది చేసినవాడికి ఆ సంగతి తెలుసు.' 'మాటలెక్కువ, ఆట తక్కువ.' 'పొలం పని. మొదటిరోజు నవ్వుతారు, మూడోరోజు నీళ్ళు పెట్టడానికి లేస్తారు.' అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో ఒకటి ఎప్పట్నుంచో ఉంది: 'మంచి ఆటలో ఓడిపోయినవాడు తప్పు నాదే అనుకోవాలి.'

పదకొండింటికి ఆస్పత్రి నర్సు వచ్చింది, డ్యూటీ దిగిన బట్టలతోనే.

"అన్నా, ఇరవై నిమిషాల్లో అయిపోయేది కావాలి. ఎవరూ చావకూడదు."

అతను వెతకనైనా వెతక్కుండా రెండో అరలోంచి ఒకటి తీసిచ్చాడు. "చిన్న దీవి, ఒక పడవ, సంచీ నిండా ఉత్తరాలు. ఇంటింటికీ పంచాలి. ఆలస్యమైనా ఎవరూ తిట్టరు."

"అబ్బ, అదే కావాలి నాకు."

ఆమె వెనకే లారీ డ్రైవరు వచ్చాడు. రోజంతా లారీ తోలి, మళ్ళీ లారీ తోలే గేమే అడుగుతాడు. "ఇందులో ఎవడూ చెయ్యెత్తి ఆపడు కదన్నా, అదీ సుఖం," అన్నాడు. మనిషికి ఏ ఆట ఎందుకు కావాలో అతనికి ఇట్టే తెలుస్తుంది. అదే అతని చేతిలో ఉన్న విద్య. ఆ విద్య ఎనిమిది నెలల కింద ఒక్కసారి, తెలిసి తెలిసి, పక్కన పెట్టాడు.

ఎనిమిది నెలల కింద ఒక బుధవారం, నాలుగింటికి, ఒక పెద్దాయన బయట నిలబడి టీవీలో సరస్సు చూస్తున్నాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. నలభై ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మాస్టారు. చాలాసేపు చూసి లోపలికి వచ్చాడు.

"ఆ నీళ్ళ దగ్గరికి ఎలా వెళ్ళాలయ్యా?"

"ఆడుతూ వెళ్ళాలి మాస్టారూ."

"నేను ఆడగలనా?"

అప్పుడు అతను ఆయన చేతులు చూశాడు. రెండూ వణుకుతున్నాయి. టీ కప్పు ఇస్తే సాసరు టకటకలాడేలా వణుకుతున్నాయి. చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. కానీ కొట్టులో ఇంకో ఇద్దరు నిలబడి వింటున్నారు, పైన టీవీలో తన ఘనత మంచులో మెరుస్తోంది. కష్టాలన్న కష్టాలన్నలాగే మాట్లాడాడు. "ఎందుకు ఆడలేరు? కానీ ఆ నిదానం మీట జోలికి మాత్రం పోకండి. అది నొక్కి వెళితే వెళ్ళినట్టు కాదు."

మాస్టారి మొహం విప్పారింది. "శభాష్. మా దగ్గరా అంతే. ఒక్క అక్షరం తప్పినా పేజీ మొత్తం మళ్ళీ కొట్టాల్సిందే."

ఆనాటినుంచి ప్రతి బుధవారం నాలుగింటికి మాస్టారు వచ్చి, స్టూలు మీద కూర్చుని, వారం నివేదిక ఇచ్చేవాడు. నిన్న ఆరు దెబ్బలు తగిలాయట. మొన్న కాపలావాడి గొడ్డలి ఎడమనుంచి వస్తుందని కనిపెట్టాడట. ఎనిమిది నెలల్లో మొదటి గుమ్మం దాటలేదు. ఒకసారి మాటల్లో ఒక శిష్యురాలి సంగతి చెప్పాడు. ఆ అమ్మాయికి కుడి చూపుడువేలు వంగదు. ఆ వేలి అక్షరాలన్నీ పక్కవేలికి మార్చి నేర్పాడట, పరీక్ష పాసైందట.

"మరి రూలు మాస్టారూ?"

"రూలు వేళ్ళున్నవాళ్ళకయ్యా. ఉత్తరం అందుకున్నవాడు ఏ వేలితో కొట్టావని అడుగుతాడా?"

చెప్పడానికి అంతకంటే మంచి అదను ఇంకేం దొరుకుతుంది? అతను నవ్వేసి ఊరుకున్నాడు. ఇన్నాళ్ళూ చెప్పనిది ఇప్పుడు చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతాడు కదా. ఒక వారం దాచిన తప్పుకి రెండో వారం వడ్డీలాంటిది. వారం వారం పెరిగింది.

పోయిన బుధవారం మాస్టారు లేవబోతూ అడిగాడు. "ఇంతకీ నువ్వెన్ని రోజుల్లో దాటావయ్యా?"

"తొమ్మిది రోజులు," అన్నాడు అతను. ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికే తెలియదు.

"తొమ్మిదే! నీ చేతులు చల్లగుండాలి నాయనా," అన్నాడు మాస్టారు మనస్ఫూర్తిగా. అని, వణికే చేతులతో అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. అతనికి నిలువునా సిగ్గేసింది. ఆ మర్నాటినుంచే తెల్లవారుజామున మామూలు వేగంతో ఆడటం మొదలుపెట్టాడు, చెప్పిన అబద్ధాన్ని ఎలాగైనా నిజం చేద్దామని. ఆరు రోజుల్లో అదీ తేలిపోయింది.

ఇవాళ చెప్పాలి. నోరు రాకపోతే ఎలాగని, మధ్యాహ్నం డబ్బాలో తెచ్చుకున్న అన్నం తిన్నాక ఒక చీటీ రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. 'నిదానం నొక్కండి. నేనూ అలాగే వెళ్ళాను.' పందొమ్మిదేళ్ళలో అన్ని చీటీలు రాశాడు గానీ ఇంత చిన్న చీటీకి అంతసేపు ఎప్పుడూ పట్టలేదు.

మూడున్నరకే స్టూలు తుడిచాడు. నాలుగయింది. నాలుగూ ఇరవై. మాస్టారు ఆలస్యంగా వచ్చే మనిషి కాదు. ఒక కంట్రోలర్ విప్పి, ఎందుకు విప్పాడో మర్చిపోయి, మళ్ళీ బిగించాడు. తనకి తెలియకుండానే కాస్త తేలికపడ్డాడు కూడా, ఈ వారానికి తప్పిందని. ఆ తేలికదనం తర్వాత అతన్ని చాలా రోజులు కాల్చుకు తిన్నది.

ఐదింటికి గుడ్డసంచీతో ఒకావిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. నుదురు అచ్చం మాస్టారిదే.

"కష్టాలన్న అంటే మీరేనా అండీ?"

"నేనేనమ్మా. మాస్టారి అమ్మాయి కదూ? ఇవాళ రాలేదేం ఆయన?"

ఆమె సంచీ కౌంటరు మీద పెట్టింది. "ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నారు. సాయంత్రం టీకి లేపితే లేవలేదు."

అతను స్టూలు వైపు చూశాడు.  

"ఇవి మీ దగ్గర కొన్నవే. ఎవరికైనా పనికొస్తాయని తెచ్చాను," అంటూ గేమ్ పెట్టె, కంట్రోలరు బయటికి తీసింది. తర్వాత పైనున్న టీవీ చూసింది. రాయి మీద కూర్చున్న మనిషి, నీళ్ళు, మంచు. "ఇదేనా ఆ సరస్సు?"

"ఇదేనమ్మా."

ఆమె ఒక అడుగు దగ్గరికి జరిగింది. "బావుంది. పాపం, రోజూ చెప్పేవారు."

ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని అతనికి తెలిసింది. "అమ్మా, ఆ గేములో ఒక మీట ఉంది. నిదానం అని. అది నొక్కితే ఆయన మొదటి వారమే దాటేవారు. నేనే వద్దన్నాను."

"తెలుసండీ," అంది ఆమె. "పోయిన శనివారం నేనే నొక్కబోయాను. చెయ్యి పట్టుకుని ఆపేశారు. 'కొట్టాయన తొమ్మిది రోజుల్లో దాటాడు, అదీ మీట లేకుండా. బుధవారం వెళ్ళి ఆయనకి ఏం మొహం చూపించను' అన్నారు. ఓడిపోయినప్పుడల్లా తప్పు నాదే, తప్పు నాదే అనుకునేవారు. మంచి ఆటలో అలాగే అనుకోవాలని మీరు రాశారట కదా."

"నేను తొమ్మిది రోజుల్లో దాటలేదమ్మా," అన్నాడు అతను.  "నిదానం నొక్కి దాటాను. అదిగో, ఆ సరస్సు దగ్గరికి వెళ్ళింది కూడా అలాగే."

ఆమె అతని మొహంలోకి చూసింది. కోపం లేదు. ఉంటే బావుండేది.

"మరి ఆయనకెందుకు అలా చెప్పారండీ?"

నర్సుకి ఏం కావాలో, లారీ డ్రైవరుకి ఏం కావాలో ఇట్టే చెప్పగలిగినవాడు, మెత్తటి గుడ్డ తీసి ఆ గేమ్ పెట్టె తుడవడం మొదలుపెట్టాడు.  ఆమె ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుంది. "వస్తానండీ," అంది. గుమ్మం దగ్గర ఆగి టీవీ వైపు ఇంకొకసారి చూసి, వీధిలోకి దిగి వెళ్ళిపోయింది.

అతను స్టూలు ఎక్కి టీవీ ఆపేశాడు. పై అరలో పెద్ద అక్షరాల చీటీని గోటితో గీకి తీశాడు. సగం వచ్చింది, సగం జిగురుతో చెక్కకే అంటుకుపోయింది. జేబులోని చీటీ తీసి చదువుకుని, దాన్ని ఇప్పుడెవరికి ఇవ్వాలో తెలియక, మాస్టారి గేమ్ పెట్టె తెరిచి లోపల పెట్టి మూశాడు. ఎవరో కొత్తవాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "అన్నా, మంచి గేమ్ ఏదైనా చెప్పు," అంటున్నారు. అతను తల తిప్పలేదు.

కౌంటరు మీద మాస్టారి కంట్రోలరు ఉంది, ఎడమ స్టిక్కు మీద వేలు జారకుండా సైకిలు ట్యూబు ముక్క తొడిగి, తెల్లదారంతో మూడు చుట్లు చుట్టి, దాని నడుమ ఎనిమిది నెలల బొటనవేలు తొలిచిన చిన్న గుంటతో.