పిల్లకి అవ్వ, జీవాలకి జీతగాడు

మా అమ్మాయి అశ్వితకి రెండున్నరేళ్ళు. నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదవడానికి మా నాన్న పెట్టిన ఖర్చు కంటే, ఆత్మకూరు బస్టాండు వెనకున్న ప్లేస్కూల్లో అది ఏడాది పాటు ముక్కు కార్చుకుంటూ కూర్చోవడానికి మేం పెట్టిన ఖర్చే ఎక్కువ. నెల ఫీజు ఒకటి. యాక్టివిటీ ఫీజు ఇంకొకటి. యాక్టివిటీ అంటే ఏమిటండీ అని అడిగితే ఇసకలో ఆడిస్తారట. మా చిన్నప్పుడు ఇసకలో ఆడితే వీపు విమానం మోత మోగేది, ఇప్పుడు రసీదు ఇస్తున్నారు. మధ్యాహ్నం నిద్రపుచ్చడానికి వేరే చార్జీ. సాయంత్రం నాలుగున్నర దాటి పిల్ల అక్కడే ఉంటే ఆలస్యపు రుసుము. నాకు హాస్పిటల్లో డ్యూటీ దిగేదే అయిదింటికి. నేను రొప్పుకుంటూ వెళ్ళేసరికి అక్కడి మేడమ్ గడియారం వైపు చూసి తియ్యగా నవ్వేది. ఆ నవ్వుకి కూడా బిల్లులో చోటు ఉండే ఉంటుంది.

ఇంత ఖర్చూ ఎవరిదంటే నాది. మా ఇంట్లో లెక్క అలా ఉంటుంది. మా ఆయన వెంకటేష్ ఉదయగిరిలో బైకుల షోరూములో సేల్స్ చూస్తాడు, రోజూ ఆత్మకూరు నుంచి బండి మీద పోయి వస్తాడు. ఆయన జీతం ఇంటి జీతం. నా జీతం మాత్రం పిల్లకయ్యే ఖర్చు తీసేయగా మిగిలేది. ఫీజు కట్టిన రోజు రాత్రి ఆయన అన్నం కలుపుకుంటూ, "ఇంక నీ జీతంలో మిగిలిందేంది చైత్రా? దీనికోసం పొద్దాక ఆ రక్తం సీసాలు పట్టుకోని తిరగాల్నా?" అని జాలిపడేవాడు. పిల్ల నాకొక్కదానికే పుట్టిందనీ, ఆయన ఆ సమయానికి షోరూములో ఉన్నాడనీ అనుకోవాలి కాబోలు.

ఒకరోజు ఆయన ముఖం వెలిగిపోతూ ఇంటికొచ్చాడు.

"మాయమ్మను పిలిపిద్దాం. పైసా ఖర్చు లేదు," అన్నాడు.

వాళ్ళమ్మ, అంటే మా అత్త మాలకొండమ్మ, ఉదయగిరి అవతల పల్లెలో ఉంటుంది. మామ పోయినప్పటి నుంచీ అరవై దాకా గొర్రెల్ని తనే మేపుకుంటోంది. అక్కడ వాటిని గొర్రెలనరు, జీవాలంటారు. మనుషుల్ని ఏమంటారో నాకు ఇంతవరకూ తెలియలేదు.

"మరి జీవాలు?" అన్నాను.

"దానికేముండాది? ఒక జీతగాణ్ణి పెడితే సరిపోలా?" అన్నాడు మా ఆయన.

సరిపోయింది. ఆ నెలలోనే ప్లేస్కూలు మానిపించాం. కట్టేసిన టర్మ్ ఫీజు వెనక్కి ఇవ్వరట, బదులుగా ఒక గ్రూప్ ఫోటో ఇచ్చారు. అందులో అశ్విత అటు తిరిగి ఉంది. అత్త ఒక మూటతో, ఒక చేతికర్రతో ఆత్మకూరులో దిగింది. ఆవిడ దిగాకనే జీతగాడు ఓబులయ్య షరతులు ఫోనులో తెలిశాయి. నెల జీతం ప్లేస్కూలు ఫీజుకి రెట్టింపు. మూడు పూటలా తిండి. చెప్పులు, గొడుగు. ఏడాదికి ఒక పొట్టేలు. ఫోను రీఛార్జి మనదే, అదీ అన్‌లిమిటెడ్ది. ఆదివారం సాయంత్రం ఖర్చు వేరే. ప్లేస్కూలు వాళ్ళు నయం, ఆదివారం సాయంత్రాలు వాళ్ళ ఖర్చు వాళ్ళే పెట్టుకునేవారు.

"పైసా ఖర్చు లేదన్నావే?" అన్నాను.

"మాయమ్మకా? మాయమ్మకేం ఇస్తుండాం మనం?" అన్నాడు మా ఆయన నొచ్చుకుంటూ.

ఓబులయ్య జీతం కూడా నా జీతంలోంచే తీసేశారు. పిల్ల కోసం అత్త వచ్చింది, అత్త వచ్చింది కాబట్టి ఓబులయ్య వచ్చాడు, కాబట్టి ఓబులయ్య నా ఖర్చు. నేను పుట్టి బుద్ధెరిగి గొర్రెల కాపరిని పెట్టుకుంటానని అనుకోలేదు. హాస్పిటల్లో మా లిదియమ్మ మేడమ్‌కి చెబితే చాలాసేపు నవ్వి, "ఎన్ని గొర్రెలున్నాయి నీకు?" అని అడిగింది. ఒక్కటి కూడా నాది కాదని చెప్పాను. జీవాల్ని అమ్మేద్దామని ఒకసారి ఇంట్లో అన్నాను కూడా. "నీ బిడ్డనమ్ముతావా?" అని అడిగింది అత్త. ఫీజు కట్టిన రోజు అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో.

అత్త పిల్లని ప్రాణంగా చూసుకుంది, ఆ మాట చెప్పకపోతే పాపం. కాకపోతే ఆవిడకి తెలిసిన పెంపకం ఒకటే. అశ్విత ఎక్కడుందో వినపడాలని మొలతాడుకి ఒక గజ్జె కట్టింది. వారానికొకసారి నోరు తెరిపించి పళ్ళు చూసేది. కొంచెం దగ్గితే మెడ కింద తడిమేది. వీధిలోకి పరిగెత్తితే "హుర్ర్ హుర్ర్" అని అదిలించేది. అది ఠక్కున వెనక్కి తిరిగి వచ్చేది, అదీ విచిత్రం. నేను ఎంత పిలిచినా వినని పిల్ల ఆ కూతకి వినేది. నేను కూడా చాటుగా ఒకటి రెండు సార్లు ప్రయత్నించాను, నాకు కుదరలేదు.

మధ్యాహ్నం నేను ల్యాబ్ నుంచి పిల్లకి వీడియో కాల్ చేసేదాన్ని. లైను బిజీగా ఉండేది. ఎందుకంటే అత్త జీవాలకి వీడియో కాల్ చేస్తూ ఉండేది.

"ఓబులయ్యా, ఫోను కిందికి దించు. ఆ నల్లమూతి జుడిపి పొట్టేలు ముఖం నాకు కనపడల్లా. ఏందిరా అది అట్టా నిలబడుండాది? మేత మేస్తా ఉండాదా లేదా?"

"మేస్తా ఉండాదక్కా."

"మేస్తే కడుపట్టా ఎందుకుంటాదిరా?"

ఇలా అరగంట. రాత్రిపూట మందని రైతుల చేలల్లో తోలితే ఎరువు కోసం రైతే ఎదురు డబ్బిస్తాడని అత్త ఒకసారి చెప్పింది. ఆ రోజు నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. గొర్రె పడుకుంటే డబ్బొస్తుంది. నా కూతురు పడుకుంటే నేను కట్టాను. మా పెంపకంలోనే ఎక్కడో పొరపాటు జరిగింది.

ఈ సుఖం కొన్నాళ్ళు సాగింది. మధ్యలో ఒకసారి ఓబులయ్య అన్‌లిమిటెడ్ రీఛార్జిలో మునిగి ఉండగా జీవాలు రామనారాయణ గారి మినప చేలో పడ్డాయి. ఆయన ఊళ్ళో పెద్ద రైతు, పంచాయితీలు చెప్పే మనిషి, తన పంచాయితీ తనే చెప్పుకుని తప్పు కట్టించుకున్నాడు. ఆ తప్పు డబ్బు కూడా ఎవరి జీతంలోంచి పోయిందో వేరే చెప్పనక్కర్లేదు. నేను ఆ పొద్దు ల్యాబులో షుగర్ టెస్టులు చేస్తున్నాను. ఆ చేను ఎటు ఉంటుందో కూడా నాకు తెలియదు.

అప్పుడే లిదియమ్మ మేడమ్ నన్ను పక్కకి పిలిచింది. ఆవిడ ల్యాబ్ ఇన్‌చార్జి. కొడుకు దగ్గరికి నెల్లూరు వెళ్ళిపోతోంది. ఆ కుర్చీ నాకివ్వమని డాక్టరు గారికి చెప్పిందట, ఆయన సరేనన్నారట. జీతం పెరుగుతుంది. డ్యూటీ మాత్రం పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం మూడు దాకా.

"సోమవారం పొద్దున ఏడింటికి వచ్చి కూర్చో. రాలేనంటే చెప్పు, నెల్లూరు నించి ఇంకొకర్ని తెస్తారంట. మళ్ళీ ఇట్టాంటిది రాదమ్మాయ్," అంది.

నాకు ఆ కుర్చీ కావాలి. ఎందుకు కావాలో వివరించమంటే వివరించను. నా చేతుల మీదుగా ఎంతమంది రక్తం పరీక్షకి వెళ్ళిందో, ఎన్ని రిపోర్టుల కింద ఇంకొకరి సంతకం పడిందో నాకు తెలుసు. ఇకనుంచి నా సంతకం పడాలి. అంతే.

ఆ శుక్రవారమే ఓబులయ్య మానేశాడు. కొండాపురంలో ఎవరో ఇంకాస్త ఎక్కువిస్తామన్నారట. ఆ కబురు వినగానే అత్త లేచి మూట కట్టుకుంది. వెళ్ళేదాకా అన్నం కూడా దిగదన్నట్టు కూర్చుంది. ప్రస్తుతానికి జీవాల్ని పల్లెలో ఎదురింటి వాళ్ళ దొడ్లో పెట్టారట, అవి బెంగ పెట్టుకుంటాయని ఆవిడ బెంగ.

ఆదివారం మా ఇంట్లో పంచాయితీ పెట్టారు. మా ఆయన పెదనాయన పెంచలనరసయ్య ఉదయగిరి నుంచి బస్సెక్కి వచ్చాడు. నాకు పెదమామ వరస. ఇంట్లో ఆడవాళ్ళ ఉద్యోగాల గురించి ఎవరేం మాట్లాడినా, చివరి మాట ఆయన చేత చెప్పించడం వాళ్ళకి అలవాటు. ఆయన ఏ ఉద్యోగమూ చేయలేదు కాబట్టి పక్షపాతం ఉండదని నమ్మకం.

కాఫీ తాగి, మూతి తుడుచుకుని, తీర్పు చెప్పాడు.

"అమ్మాయ్, నీ జీతం యాడికి పోతా ఉండాది? బడికి పోయింది, జీతగాడికి పోయింది, మినప చేనికి పోయింది. నీకేం మిగిలింది? ఊరికే ఒళ్ళు అలుపు. రెండేళ్ళు మానేయ్. బిడ్డ పెద్దబడికి పోయినాక మళ్ళా చూస్కుందువులే."

"పెదనాయన చెప్పింది సబబే," అన్నాడు మా ఆయన నేల చూస్తూ.

నాకు ఒళ్ళు మండింది. అయినా గొంతు తగ్గించే అడిగాను.

"పెదమామా, ఈయన జీతం యాడికి పోతా ఉండాది?"

"అదేం మాట? ఇంటికి."

"రోజూ ఉదయగిరికి పోయి వచ్చే పెట్రోలు ఎవురి జీతంలో తీసినారు? టైర్లు? షోరూము వాళ్ళు టార్గెట్ చెయ్యలేదని కోసింది? అవన్నీ తీసేసి చెప్పు, ఏం మిగిలిందో. ఎవురికి తక్కువ మిగిల్తే వాళ్ళు మానేద్దాం. నాకు సమ్మతమే."

పెదమామ మా ఆయన వైపు చూశాడు. మా ఆయన గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. క్యాలెండరు షోరూము వాళ్ళదే.

"మొగోడు మానేస్తాడా యాడన్నా?" అన్నాడు పెదమామ చివరికి.

"అయితే ఎవురూ మానేయొద్దు. అత్త తన జీవాల కాడికి పోతాది. బిడ్డ మళ్ళా ప్లేస్కూలుకి పోతాది. ఫీజులో సగం ఈయన జీతంలోంచి. నేను ఏడింటికి పోతా, మూడింటికి దిగుతా, సాయంత్రం బిడ్డను నేను తెచ్చుకుంటా. ఆలస్యపు రుసుము కూడా ఉండదు. పొద్దున దించేది మటుకు ఈయన."

"ప్లేస్కూలు తీసేది తొమ్మిదికి. షోరూము తీసేదీ తొమ్మిదికే. నేనెట్టా దించేది?" అన్నాడు మా ఆయన. మొదటిసారి ఆయన గొంతుకి ప్రాణం వచ్చింది.

"మీ ఓనర్ని అడుగు, గంటన్నర ఆలస్యంగా వస్తానని."

"ఏమని అడిగేది?"

"ఇన్నాళ్ళూ నేను ఏమని అడిగినానో అదే. బిడ్డ ఉండాది సార్ అని."

అత్త మూట దగ్గరికి లాక్కుని, "ఎవురు మానేస్తే నాకేంది, ఎవురు మానకపోతే నాకేంది? నన్ను తెల్లార్తోనే బస్సెక్కించండి," అంది. ఆవిడ నన్ను సమర్థించిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. పొట్టేలు మీద బెంగే అయి ఉంటుంది. కానీ ఆ మాటతో పంచాయితీ లేచిపోయింది. పెదమామ కూడా ఆవిడతోపాటే తెల్లారి బస్సుకి వెళతానన్నాడు.

సోమవారం తెల్లవారుజామున ఇద్దర్నీ బస్సెక్కించి వచ్చాం. ప్లేస్కూలు మేడమ్‌కి ముందురోజు రాత్రే ఫోను చేస్తే, మళ్ళీ చేర్చుకోవడానికి అడ్మిషన్ ఫీజు కొత్తగా కట్టమన్నారు, పిల్ల పాతదే అయినా. ఫోనులోనే కట్టాం, సగం సగం. నేను తల దువ్వుకుని, ఐడీ కార్డు మెళ్ళో వేసుకున్నాను. మా ఆయన ఫోను పట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. నడుమున గజ్జె మోగించుకుంటూ అశ్విత ఆయన లుంగీ పట్టుకుని వెంట తిరుగుతోంది. చివరికి పిల్లని ఎత్తుకున్నాడు. ఒక చేత్తో పిల్ల, ఇంకో చేత్తో పాల గ్లాసు, అందుకని ఫోను స్పీకర్లో పెట్టి టేబుల్ మీద ఆనించి ఓనరు సురేంద్రబాబుకి కలిపాడు. నేను గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాను.

"సార్, ఈరోజు నించీ రోజూ పదిన్నరకి వస్తాను సార్."

"ఎందుకయ్యా?"

"పాపను బళ్ళో దించాల సార్."

"నువ్వా? ఏం, ఇంట్లో ఆడోళ్ళు లేరా?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను కదలకుండా నిలబడ్డాను. అడిగింది ఆయన్ని, నన్ను కాదు.

"ఉండారు సార్," అన్నాడు. "డ్యూటీకి పోయినారు."

ఓనరు నాకు సరిగా వినపడకుండా ఏదో లెక్క గొణిగి ఫోను పెట్టేశాడు. మా ఆయన పాల గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. లోకంలో ఎవరికీ ఎప్పుడూ జరగనిది ఆయనకే జరిగినట్టు ముఖం పెట్టాడు.

"ఆ గంటన్నరకి నా జీతంలో కోస్తాడంట చైత్రా! బిడ్డను దించినందుకు! నా జీతంలో!"

"అయ్యయ్యో," అన్నాను, "ఎంత అన్యాయం."

అప్పటికే ఏడు కావస్తోంది. నేను మెట్లు దిగాను.