యలమంద అనే నాలుగక్షరాలు

పులిసిన బెల్లం వాసన. తుప్పుపట్టిన ఇనుము వాసన.

పెడన అద్దకం షెడ్డులో నల్లరంగు అలాగే పుడుతుంది. ఆ రంగులో కొయ్య అచ్చు ముంచి, గుడ్డ మీద పెట్టి, అరచేత్తో కొట్టింది వీరదుర్గ.

య.

కాస్త కిందికి — ల.

ఇంకా కిందికి, ఒరిగిపోతూ — మ… ద.

అన్నిటికన్నా అడుగున సున్నా. మునిగినవాడి ఆఖరి బుడగలా.

యలమంద ఆమె తమ్ముడు. డెబ్భై ఏడు ఉప్పెనలో, నాగాయలంక దగ్గర, కొట్టుకుపోయాడు. దొరకలేదు. ఇంట్లో ఆ పేరు మళ్ళీ ఎవరూ పలకలేదు.

బందరు బళ్ళో డ్రాయింగు టీచరు వీరదుర్గ. అక్షరాలతో బొమ్మలు అద్ది, కవితలనేది.

"బొమ్మ బాగుందమ్మా, కవిత ఏదీ?" అనేవారు ఊళ్ళో కవులు.

లిస్బన్‌లో అలాంటి కవితల కోసమే ఒక చిన్న పత్రిక ఉండేది. పోస్టులో గుడ్డముక్కలు వెళ్ళాయి, వాటిలో యలమంద గుడ్డ కూడా. తెలియని లిపుల కాగితాలు వచ్చాయి. అలా కొన్నేళ్ళు. రెండువేల ఒకటిలో పిలుపొచ్చింది, ప్రదర్శనకి రమ్మని.

వెళ్ళింది.

గోడ మీద తమ్ముడు తలకిందులుగా వేలాడుతున్నాడు.

జనం ఆగి చూస్తున్నారు. పైనున్న సున్నాని చూపించి, చందమామ అంటున్నారు. అంతమందిలో ఆ పేరు చదవగలిగింది తనొక్కతే.

పక్కన ఒకావిడ వచ్చి నిలబడింది. అమేలియా. మొజాంబిక్ నుంచి వలస వచ్చిన కవయిత్రి.

"దీన్ని పైకి ఎలా పలుకుతారు?" వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది.

వీరదుర్గ ఒక్కో అక్షరం చూపించి పలికింది.

"యలమంద."

"ఎలమాంద," అంది అమేలియా, నోరు తిరక్క. "అంటే?"

"మా తమ్ముడు. నీళ్ళలో పోయాడు… ఈ గుడ్డ తలకిందులుగా కట్టారు."

అమేలియా స్టూలు లాక్కొచ్చింది. ఎక్కి, తిప్పి కట్టడానికి మేకు మీద చెయ్యి వేసింది.

వీరదుర్గ మళ్ళీ చూసింది. అడుగున ఉండాల్సిన బుడగ అన్నిటికీ పైన ఉంది. దాని వెనకే ద, మ, ల, య… ఒక్కొక్కటే నీళ్ళలోంచి లేస్తున్నాయి.

"ఉండనివ్వండి," అంది.

నాగాయలంక వచ్చాక, ఎండుచేపలు తిరగేస్తూ అడిగింది అమ్మ పెద్దింట్లమ్మ.

"అక్కడోళ్ళు నీ గుడ్డ చదివారా?"

"ఒకావిడ పలికిందమ్మా."

"ఏమనీ?"

"ఎలమాంద అని."

అమ్మ చెయ్యి ఆగింది.

"అలా కాదే," అంది. "యలమంద."

గుడ్డ తిరిగి రాలేదు. ప్రదర్శనతో పాటు మొజాంబిక్‌లోని మపూటో వెళ్ళిందన్నారు, ఆ తర్వాత ఇంకో సముద్రం దాటి సావోపాలో. తర్వాత పత్రిక ఆగిపోయింది. ఉత్తరాలూ ఆగిపోయాయి.

దివిసీమ దాటి ఎరగని పిల్లాడు.

ఏ ఊళ్ళో ఉన్నాడో. ఏ గోడ మీద ఉన్నాడో.

లేస్తున్నాడో… మునుగుతున్నాడో.