కుడిచేత్తో మోసిన అన్నం

ఈలాన్ ఊళ్ళో వారం రోజులుగా వాన విడవలేదు. ఆ వానలోనే థెరపిస్ట్ కావ్ బడికి వచ్చింది. రెండో తరగతి చదివే యువాన్ మెట్లెలా ఎక్కుతున్నాడు, కత్తెరెలా పట్టుకుంటున్నాడు, తక్కిన పిల్లలతో కలిసి ఏయే పనులు చేస్తున్నాడు, అన్నీ చూసి రాసుకోవడానికి ఆమె టర్మ్‌కోసారి వస్తుంది. ఆమె రాసినదాన్ని బట్టే వాడి పక్కన మనిషి ఉండాలా అక్కర్లేదా అన్నది తేలుతుంది. ఆ మనిషి సూచిన్.

యాభై ఆరేళ్ళ సూచిన్ ఏడాదిన్నరగా వాడి వెనకే నడుస్తోంది. పుట్టుకతోనే వాడి కుడిచెయ్యి బిగుసుకుని ఉంటుంది. చెంచా అయినా, గొడుగు అయినా ఆమె ఎడమచేతికే అందించేది. అంతకుముందు చూసుకున్న ఇద్దరు పిల్లలూ వేరే బళ్ళకు వెళ్ళిపోయారు. ఒకడు చెయ్యి ఊపాడు. రెండో పిల్ల అదీ లేదు. వీణ్ణి మాత్రం పోనివ్వదలచుకోలేదు.

అలాంటిది రెండు వారాల కిందట వాడి తరగతి పిల్ల తొంగ్‌తొంగ్ మధ్యలో పడింది. వసారాలోంచి తరగతికి భోజనం మోసుకొచ్చే వంతులో ఆ పిల్ల పేరు యువాన్ పేరు పక్కన వచ్చింది. అప్పటినుంచీ మూతి తుడవబోతే, "వదులు పిన్నీ, నేను తుడుచుకుంటా," అంటున్నాడు. ఏడేళ్ళ పిల్ల మీద ఈ కడుపుమంట ఏమిటని సూచిన్ తనను తానే తిట్టుకుంది. అయినా ఆ పిల్ల గొంతు వింటే ఒళ్ళు మండేది.

"సూచినక్కా, మీరు కాస్త మెట్ల పక్కన నిలబడండి. కనిపిస్తే మీ వైపే చూస్తాడు," అంది కావ్.

ఇప్పుడు నావైపెక్కడ చూస్తున్నాడులే అనుకుంటూ వెళ్ళింది సూచిన్.

వసారా చివర బండి మీద అన్నం డేక్సా ఉంది. దానికి రెండు పక్కలా పిడులు. తొంగ్‌తొంగ్‌ది ఎడమచేతివాటం.

"ఇటు నేను. నువ్వు అటు పో."

"అటయితే కుడిచేత్తో పట్టుకోవాలి. నాకు రాదు."

"రోజూ ఇదే పాట. నాకూ కుడిచేత్తో రాదు. నేను ఏడుస్తున్నానా?"

"నీది మంచి చెయ్యే కదా."

"అయితే ఏంటి? పట్టుకో. అన్నం పారబోశావంటే అందరూ నిన్నే తింటారు."

వాడు నవ్వాడు. నవ్వుతూనే ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి పిడికి తగిలించాడు. డేక్సా లేచింది, ఓ పక్కకు ఒరిగింది, ఆగింది, మళ్ళీ కదిలింది.

ఆ వేళ్ళు విప్పడానికి సూచిన్ ఎన్నిసార్లు వేడినీళ్ళ గుడ్డ కట్టిందో, ఎంత నూనె రాసిందో. తనకోసం ఒక్కనాడైనా విప్పాడా?

పిల్లలు తినడానికి కూర్చున్నాక కావ్ కాగితాలతో మెట్ల దగ్గరికి వచ్చింది. "ఒక్కరోజు చూసి రాయలేను. రోజూ ఇలాగే మోస్తున్నాడా, నేనొచ్చానని ఇవాళేనా?"

ఇవాళే అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆ పిల్ల గట్టిది," అని నవ్వింది కావ్. "అంతా దాని చలవే అనుకుంటా. దాని పేరూ రాయాలి."

"దానికేం తెలుసు?" అంది సూచిన్. "నేను నేర్పాను. రెండు వారాలుగా రోజూ మోస్తున్నాడు. ఆ చేత్తో పట్టుకోమన్నది నేనే."

"అలాగా? అయితే ఇక్కడ మీ పని అయిపోయినట్టేనక్కా." పెద్దల సాయం అక్కర్లేదన్న గడిలో టిక్కు పడింది. "సముద్రం పక్క బడిలో ఒక పాప ఉంది, చెంచా కూడా పట్టదు. కొత్త సంవత్సరం సెలవులయ్యాక మిమ్మల్ని అక్కడికి పంపమంటాను."

సూచిన్ నోరు తెరిచింది. నేను నేర్పలేదంటే ఆ టిక్కు చెరగదు. వాడు రోజూ మోస్తున్న మాట నిజమే కదా. కాగితం మీద తన పేరు పోయి ఆ పిల్ల పేరు వస్తుంది, అంతే. నోరు మూసుకుని సంతకం పెట్టింది.

లోపల యువాన్ ఏదో అన్నాడు, తొంగ్‌తొంగ్ పకపకా నవ్వింది. ఏమన్నాడో విందామని సూచిన్ తలుపు దాకా వెళ్ళింది. అప్పటికే ఇద్దరూ తినడంలో పడ్డారు.