నేల తొక్కని టైరు

నేను ఒక స్టెప్నీని. కారు డిక్కీలో, మ్యాటు కింద, బోల్టుతో బిగించి పడుకోబెట్టిన ఐదో టైరుని. తమిళనాడులోని ఒక ఫ్యాక్టరీలో మిగతా నలుగురితో పాటే నన్నూ అదే అచ్చులో ఉడికించారు. కారు కొన్నరోజు ఆ నలుగురి కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. నాకు బొట్టు కూడా పెట్టలేదు. నేనున్నానని పూజారికి ఎవరూ చెప్పలేదు మరి.

మొదటి యజమాని ఒక కాంట్రాక్టరు. ఆరేళ్లలో ఆయన నా మీద గొడుగులు, ఉల్లిపాయల బస్తాలు, అత్తగారింటి మామిడికాయలు వేశాడు. నన్ను మాత్రం ఒక్కసారీ బయటికి తియ్యలేదు. తర్వాత కారుని పశువుల డాక్టరు శశిభూషణ్ గారు కొన్నారు. మంచివారు. కాకపోతే ఆయనకి దారి ఫోనే చెప్పాలి, వానొస్తుందో రాదో ఫోనే చెప్పాలి. భార్య నంబరు కూడా ఆయనకి నోటికి రాదు, ఫోనుకే వచ్చు.

పోయిన శ్రావణంలో ఒక ఉదయం ఆదెమ్మ అనే రైతు ఫోను చేసింది. ఆమె గేదె తెల్లవారుజాము నుంచి నొప్పులు పడుతోంది, ఈనలేకపోతోంది. ఆ ఇంట్లో పాడి అదొక్కటే. డాక్టరు గారు హడావుడిగా బయల్దేరారు. రాత్రి ఫోనుకి ఛార్జింగు పెట్టడం మరిచారు. కారులో ఛార్జింగు పెట్టే చోటు పాడై ఏడాదైంది. ఆదెమ్మ ఊరు ఇంకా పన్నెండు కిలోమీటర్లుండగా, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర, ముందు టైరు పంక్చరైంది.

మెకానిక్కి ఫోను చేశారు. పెళ్లిలో ఉన్నాడట, భోజనాలయ్యాక వస్తానన్నాడు.

ఇక నన్ను తీశారు. ఎనిమిదేళ్లకి ఎండ చూశాను. టైరు మార్చడం ఎలాగో డాక్టరు గారు ఫోనులో వీడియో పెట్టుకున్నారు. ముందు ఒక సబ్బు ప్రకటన, తర్వాత ఒకతను తన గురించి చెప్పుకోవడం. ఛార్జింగు నాలుగు శాతం. వీడియో చూస్తే ఆదెమ్మతో మాట్లాడ్డానికి మిగలదు. ఆపేసి, తోచినట్టు జాకీ పెట్టి కారు లేపారు. నట్టు విప్పబోతే చక్రం కూడా దానితో గిర్రున తిరిగింది.

అప్పుడే ఫోను మోగింది.

"డాక్టరు గారూ, ఎక్కడిదాకా వచ్చారు? దూడ కాలు ఒక్కటే బయటికొచ్చింది. అందరూ లాగమంటున్నారు."

"లాగొద్దమ్మా! రెండో కాలు లోపల మడతపడుంటుంది. లాగితే రెండు ప్రాణాలూ పోతాయి. ఇక్కడ నా టైరు పోయింది. నట్టు విప్పుతుంటే చక్రం తిరుగుతోంది."

"చక్రం గాల్లో ఉందా అండీ?"

"ఉంది."

"అయ్యో రాత! కిందికి దించండి. నేలకి ఆనించి, పానా మీద కాలేసి తొక్కండి. నట్లు వదులయ్యాకే లేపాలి. మా ట్రాక్టరుకి నేనేగా మార్చేది! ఇప్పుడు నా సంగతి చెప్పండి."

"చేతులు సబ్బుతో కడిగి నూనె రాసుకో. గేదె ముక్కేటప్పుడు ఆగు. ముక్కడం ఆపగానే దూడని కొంచెం లోపలికి నెట్టు. మడతపడ్డ కాలి గిట్టని అరచేత్తో కప్పి, మెల్లగా ముందుకి తీసుకురా. రెండు కాళ్లూ, మూతీ కనపడ్డాకే..."

ఫోను ఆరిపోయింది.

డాక్టరు గారు ఆ నల్లటి అద్దాన్ని రెండుసార్లు నొక్కారు, ఒకసారి దులిపారు. తర్వాత జేబులో పెట్టేసి, కారు దించి, పానా మీద కాలేశారు. నట్టు కిర్రుమంది.

పన్నెండు కిలోమీటర్లు పరిగెత్తాను. రోడ్డు ఇంత గరుకని ఆ నలుగురూ నాకెప్పుడూ చెప్పలేదు. దారి చీలిన చోటల్లా డాక్టరు గారు కారాపి, కనపడ్డవాళ్లని ఆ ఊరికి దారి అడిగారు.

దొడ్లో ఆగాం. మోచేతుల దాకా నూనె, నెత్తురుతో ఆదెమ్మ గోడకి చేరగిలబడి ఉంది. గేదె ఒక పెయ్యదూడని నాకుతోంది. దూడ లేవబోయి కూలబడింది, మళ్లీ లేచింది.

డాక్టరు గారు గేదెని పరీక్ష చేసి, "లోపల ఎక్కడా చిరగలేదు" అన్నారు.

ఆదెమ్మ లేచి నా దగ్గరికొచ్చి ఒక్క తన్ను తన్నింది.

"డాక్టరు గారూ, దీన్లో గాలి సగమే ఉంది. నట్లు కూడా వదులే. ఇట్టాగే వచ్చారా?"

"ఇట్టాగే వచ్చానమ్మా."

"బాగుంది సంబడం! ఆ పానా ఇటివ్వండి."

ఆయన గేదెకి ఇంజెక్షను ఇస్తుంటే, ఆవిడ అదే చేతులతో నా నట్లు బిగించింది.

మర్నాడు పంక్చరు వేయించారు. నేను మళ్లీ డిక్కీలోకి వచ్చాను. నా గాడుల సందుల్లో ఆ దొడ్డి పేడ ఎండిపోయి ఇంకా ఉంది. ఎవరూ కడగలేదు. కడక్కపోయినా నాకేం బాధ లేదు.