అర్థం అడగని తల్లి

చింతామణికి దగ్గరి పల్లెలో నేత్ర ఇంట ఆ రోజు పట్టుపురుగులు పండాయి. పండిన పురుగుల్ని ఆ పొద్దే ఏరి, అవి గూళ్లు కట్టే వెదురు తట్టల మీద, అంటే చంద్రికల మీద, వేయకపోతే పట్టుగూళ్లు దక్కవు. ఎప్పటిలాగే వెనకవీధి ముబీనా సాయానికొచ్చి గడప బయట చెప్పులు విడిచింది. నేత్ర కూతురు అర్పిత వాకిలికి అడ్డంగా నిలబడింది.

"మీరు రావద్దు."

"ఏమే, నన్ను మీరు అంటాండావు? పురుగులన్నీ నువ్వే ఏరుతావా?" ముబీనా నవ్వింది.

"మీవాళ్లు క్రూరులంట, కత్తితోనే బతుకుతారంట. మా పుస్తకంలో ఉండాది."

ముబీనా చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది.

నేత్రకు తల కొట్టేసినట్లయింది. ఏడో తరగతిలో తన చదువు ఆగిపోయింది. అదే తరగతిలో కూతురు గట్టిగా ఇంగ్లీషు చదువుతుంటే వినడమే ఆమెకు పండుగ. అర్థం ఏనాడూ అడగలేదు. అర్పిత చెప్పిన ఆ పుస్తకం అమెరికా నుంచి బడికి దానంగా వచ్చిన పాతది.

"మన గురించి ఏమి రాసినారో అదీ చదువు. తెలుగులో చెప్పు."

అర్పిత పేజీలు తిప్పింది. చదివేకొద్దీ గొంతు సన్నబడింది. "హిందువులు రాళ్లకు మొక్కే మూఢులంట. శుభ్రం తెలీదంట. సోమరులంట."

"తెల్లారకముందే పురుగులకు ఆకు కోసే మీ నాయన సోమరా?"

"కాదమ్మా! అబద్ధం."

"మన గురించి రాసింది అబద్ధమైతే, మీ ముబీనా అత్త గురించి రాసింది నిజమెట్లయితాది?"

అర్పిత వెనకవీధికి పరుగెత్తింది. "అత్తా, తప్పయింది, రా."

"కత్తి తెచ్చేదా, వద్దా?" అంది ముబీనా. పిల్ల భోరుమంది. "ఏడ్చింది చాల్లే. పురుగులు మనకోసం ఆగుతాయా?" అంటూ చేయి పట్టుకుని నడిచింది. సాయంత్రానికి చంద్రికలన్నీ నిండాయి.

మరునాడు నేత్ర ఆ పుస్తకం తీసుకుని భయపడుతూనే బడికెళ్లింది. ఇంగ్లీషు రానిదానికి ఇవన్నీ ఎందుకంటారేమో, పిల్లను బడి నుంచి పంపేస్తారేమో! హెడ్‌మాస్టరు రామచంద్రప్ప ఆ పేజీలు చదివి పుస్తకం మూశాడు.

"ఊరకే వచ్చినాయని చదవకుండానే పంచేస్తిమి, తల్లీ. ఈ పుస్తకాలు వెనక్కి తీసుకుంటాను. కానీ ఈ రెండు పేజీలూ పిల్లలందరితో చదివిస్తాను. మనల్ని చూడనివాడు మన గురించి ఎట్లా రాస్తాడో తెలిస్తే, పక్కింటోళ్లను చూడకుండా మాట్లాడరు."

తల్లులారా, అచ్చయినంత మాత్రాన అబద్ధం నిజం కాదు. మీ పిల్లలు చదువుతుంటే విని మురిసిపోండి, తప్పులేదు. కానీ, మీకు చదువు రాకపోయినా సరే, అర్థమేమిటని అడగండి.