తొలిచూలు పేరు

జనాభా లెక్కలవాళ్లు మా బావి దగ్గరికి ఎండాకాలంలోనే వస్తారు. అప్పుడైతే నీళ్లకోసం అందరం అక్కడికి చేరవలసిందే. ఆ ఏడు వాళ్ల వెంట తుపాకులవాళ్లు కూడా వచ్చారు. పదిహేను రోజుల కిందట దక్షిణాన ఒక సంతలో ఎవరో మోటారు సైకిళ్ల మీద వచ్చి కాల్చిపోయారు. అందుకని.

రాసుకునే అతని పేరు లవాలి. పట్నంలో ఉండే హౌసా జాతి మనిషి. చాప మీద కాగితాలు పరుచుకున్నాడు.

"పిల్లలు ఎందరు పెద్దాయనా?"

"ముగ్గురు."

"అంతేనా?"

నేను మాట్లాడలేదు. పక్కనున్న మా మేనబావ జాకో నవ్వాడు. "మా బావ నోట్లోంచి మాట తోడాలంటే రెండెడ్లు కట్టాలి సారూ. దొరికిందాంతో సరిపెట్టుకో."

లవాలి రాసుకున్నాడు. కబో, అంటే నేను. భార్య తంబాయా. పిల్లలు ముగ్గురు.

నిజానికి ఇంకొకడున్నాడు, అందరికంటే పెద్దవాడు. ఆవులు కాసుకుంటూ తిరిగే మా ఫులానీల్లో తొలిచూలు బిడ్డ పేరు తల్లీ తండ్రీ పలకరు. తమ బిడ్డల్లో కలిపి చెప్పరు. పదిమందిలో వాడి వంక చూడరు. అది సిగ్గు. వాడు మా అమ్మ గుడిసెలో పెరిగాడు. ఎవరొచ్చి అడిగినా వాడి సంగతి మా అమ్మే చెప్పేది. కిందటి వానల్లో ఆమె పోయింది. ఇక చెప్పేవాళ్లు లేరన్న సంగతి ఆ పొద్దున నాకు తట్టలేదు.

మధ్యాహ్నం వాడు ఆవులమందతో దిగాడు. ముఖానికి తలపాగా, నడుముకు కత్తి. తుపాకులవాళ్ల సార్జంటు ఆపాడు. పక్కకు తీసుకుపోయి ఏవో అడిగాడు. తర్వాత లవాలి కాగితాలు రెండుసార్లు తిరగేశాడు.

"లేడు సార్."

వాడి తలపాగాతోనే వాడి చేతులు వెనక్కి కట్టారు. వాళ్లొచ్చిన లారీ పక్కన కూర్చోబెట్టారు.

"పట్నం వస్తాడు. ఎవడో అక్కడ తేలుతుంది," అన్నాడు సార్జంటు.

ముందటి ఎండాకాలం అలాగే ముగ్గురిని తీసుకుపోయారు. ఇద్దరు తిరిగొచ్చారు. మూడోవాడి తల్లి ఇప్పటికీ బావి బావికీ వెళ్లి అడుగుతూనే ఉంది.

జాకో పరుగెత్తాడు. "అయ్యో సారూ, వాడు మా కబో కొడుకు! ఈ బావి దగ్గర కుక్కనడిగినా చెబుతుంది."

"కుక్క సాక్ష్యం నాకెందుకు? ముగ్గురే అని ముసలాయన చెప్పాడా లేదా?"

"చెప్పాడు. కానీ మాలో ఏంటంటే..."

"మీలో సంగతి తర్వాత. నిన్న ఒకడు ఇలాగే మేనల్లుడని వెనకేసుకొచ్చాడు. తీరా అడిగితే వాడి పేరే తెలీదు. తండ్రి ఇక్కడే ఉన్నాడుగా? వాడు నాకు చెప్పిన పేరే ఈయనా చెప్పాలి. నువ్వు నోర్మూసుకో."

అందరూ నా వైపు చూశారు. వెంటనే నేల చూపులు చూశారు. మా అత్తవారి వైపు పెద్దలు ముగ్గురు అక్కడే ఉన్నారు. డ్రైవరు లారీ స్టార్టు చేశాడు. లారీ దగ్గర నుంచి వాడు తల అడ్డంగా ఊపాడు. వద్దని. వాడు నన్నొకటి అడగడం అదే మొదలు.

"గోర్జో," అన్నాను.

"వినపడలా."

గట్టిగా అన్నాను. ఆవులు కూడా తలలెత్తాయి.

"నీకేమవుతాడు?"

"కొడుకు. పెద్దకొడుకు."

"ఎన్నేళ్లు?"

అది నాకు నిజంగా తెలియదు. వాడి ఏళ్లు లెక్కపెట్టుకోవడమూ నాకు తగని పనే. ఇరవై అందామనుకున్నాను. తప్పితే? సార్జంటు చెయ్యి లారీ తలుపు మీద ఉంది.

అప్పుడు పాల బుర్రల వెనక నుంచి తంబాయా గొంతు వచ్చింది. అటు తిరిగి కూర్చుంది. ముఖం నిండా ముసుగు.

"పందొమ్మిది. మిడతలు పడ్డ ఏడు, తొలివాన కురిసిన మూడోరోజు పొద్దున. ఎడమ మోకాలి కింద మచ్చ ఉంటుంది. దూడ తన్నింది."

సార్జంటు వంగి వాడి మోకాలు చూశాడు.

"విప్పండ్రా," అన్నాడు.

లవాలి కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చి మెల్లిగా అన్నాడు. "తప్పు నాది పెద్దాయనా. నేనూ తొలిచూలే. మా అమ్మా ఇంతే, 'ఒరే అబ్బీ' అంటుంది గానీ ఇప్పటికీ నా పేరెత్తదు. ఇంకోలా అడగాల్సింది. పెద్దవాణ్ణి పైన రాయాలి, జాగా లేదు. కింద రాయనా?"

"రాయి."

వాడు మణికట్లు రుద్దుకుంటూ మంద దగ్గరికి పోయాడు. మా తొట్టి దగ్గరికి తేలేదు, బావి అవతల దూరపు తొట్టికి తోలాడు. తంబాయా ముసుగు తీయలేదు. ఆవులన్నీ తాగేసరికి పొద్దు వాలింది. వాడు నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. నేను ఇవతలి తాడు లాగినంతసేపూ బావి అవతలి తాడు లాగింది మాత్రం వాడే.